స్లో కుక్కర్‌లో ఎండు బొబ్బర్లు సమంగా ఉడకాలంటే ఏం చేయాలండి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా ఆడపడుచు కువైట్ నుంచి వస్తూ స్లో కుక్కర్ (గంటల తరబడి సన్నసెగ మీద ఉడికించే కరెంటు కుక్కర్) తెచ్చిచ్చింది. చికెన్ బ్రహ్మాండంగా వస్తోంది. టెన్షనంతా బొబ్బర్లతోనే.

రాత్రి నానబెట్టి, పొద్దున్నే ‘లో’ (తక్కువ వేడి) మీద పెట్టి డ్యూటీకి వెళ్ళిపోతాను. తిరిగొచ్చేసరికి సగం గింజలు చితికిపోయి, మిగతా సగం పలుకుగా ఉంటున్నాయి. హైలో పెడితే తొక్కలూడి పైకి తేలుతున్నాయి. ప్రెషర్ కుక్కర్లో రెండు విజిల్స్‌తో పోయేదానికి ఇంత గొడవెందుకంటారేమో! మా అత్తగారికి గుగ్గిళ్ళు గింజకి గింజ విడిగా ఉండాలి మరి. విజిల్ పెడితే మా ఇంట్లో ముద్దే.

నా అనుమానం నీళ్ళ మీద. మా బోరు నీళ్ళు కాస్త ఉప్పన, కందిపప్పు కూడా ఓ పట్టాన ఉడకదు. టిన్ను నీళ్ళు పోస్తే మారుతుందా? చిటికెడు వంటసోడా వేయమంటున్నారు గానీ ఆ వాసన నాకు పడదు. చింతపండు పులుసు ఎలాగూ చివర్లోనే పోస్తాను. ఉప్పు మొదటే వేయొచ్చా? సంతలో కొన్న గింజలు పాతవైనా ఇలాగే అవుతుందా?

ఇంకొకటి. రాజ్మాను ముందు పొయ్యి మీద పది నిమిషాలు తెర్లకాగించాకే స్లో కుక్కర్‌లో వేయాలని, లేకపోతే కడుపులో తిప్పుతుందని తెలుసు. బొబ్బర్లకీ అలా చేయాలా? మధ్యలో గంటసేపు కరెంటు పోతే, వచ్చాక అలాగే ఉడికించేయొచ్చా, పారబోయాల్సిందేనా? స్లో కుక్కర్ వాడేవాళ్ళు కాస్త చెప్పండి. గ్లాసు గింజలకి ఎన్ని నీళ్ళో కూడా.