మురుగునీటి ఆకుకూరల సాగు: మూసీ వెంట పనిచేసినవారి సలహా కావాలి

నమస్కారం. ఘనా ఉత్తర ప్రాంతంలోని తమాలే నగరంలో కూరగాయల రైతులతో పనిచేస్తున్నాను. ఇక్కడ వానకాలం ఏడాదికి ఒక్కటే. మిగతా నెలల్లో చాలా మడులకు మురుగు కాలువే దిక్కు. 2013లో మొదలైన జర్మనీ, ఆఫ్రికా దేశాల ఉమ్మడి పరిశోధన 'అర్బన్‌ఫుడ్‌ప్లస్' ఇక్కడి నేలల్లో ఊక బొగ్గు కలిపి పరీక్షించింది. నేల సంగతి సరే, నా బెంగంతా నీటి గురించే.

రైతు రెండు చేతుల్లో మొక్కలకు నీళ్లు పోసే రెండు క్యాన్లు పట్టుకుని నడుము ఎత్తు నుంచి పోస్తాడు. నీటి దెబ్బకు మట్టి ఎగిరి లెట్యూస్ ఆకుల అడుగున అంటుకుంటుంది. క్యాన్‌కు జల్లెడ మూత పెట్టి, అర మీటరు లోపు ఎత్తు నుంచి పోస్తే ఆకులపై సూక్ష్మక్రిములు బాగా తగ్గుతాయని ఘనాలోనే ఉన్న కుమాసీ నగరంలో జరిగిన ప్రయోగాలు తేల్చాయి. రైతులు దీనికి ఒప్పుకుంటున్నారు. ఆకులపై క్రిములు చచ్చేలా కోతకు ముందు కొన్ని రోజులు నీళ్లు ఆపమంటే మాత్రం ఒప్పుకోవడం లేదు. ఈ ఎండకు ఆకు వాడిపోతే కొనేవాళ్లుండరు, వాళ్ల మాటలో న్యాయం ఉంది.

హైదరాబాద్ దిగువన మూసీ నీటితో ఆకుకూరలు పండించే రైతులతో పనిచేసినవారు దయచేసి చెప్పండి. నీళ్లు ఆపే పద్ధతి అక్కడ ఎవరైనా పాటించారా? నష్టం ఎవరు భరించారు? మురుగులోని నులిపురుగుల గుడ్లు అడుగుకు చేరేలా నీటిని గుంటలో నిలవబెట్టాలంటే, సొంత భూమి లేని కౌలు రైతు ఆ గుంట ఎక్కడ తవ్వుకున్నాడు?