‘చావో రేవో’: నాలుగు జట్ల గ్రూపులో ఈ నుడికారం ఎంతవరకు నిలుస్తుంది?

ఫుట్‌బాల్ అర్హత పోటీల వార్తలలో ‘చావో రేవో తేల్చుకోవలసిన మ్యాచ్’ అని రాయడం సబబేనా అన్న ప్రశ్నకు, 2026 ప్రపంచ కప్ ఆసియా అర్హత పోటీల రెండో రౌండులో భారత్ ఆడిన ‘ఎ’ గ్రూపును ముందు పెట్టుకొని జవాబు వెతకవచ్చు.

ముందుగా మాట సంగతి. రేవు అంటే పడవ ఒడ్డుకు చేరే చోటు. ఏటిలో చిక్కుకున్నవాడు మునిగిపోవాలి, లేదా రేవు చేరాలి. రెండు మాటల చివరా ఉన్న ‘ఓ’లు ‘అటో ఇటో’, ‘ఔనో కాదో’లలో మనం వాడే వికల్పార్థకాలే. వెంట వచ్చే ‘తేల్చుకొను’ కూడా ‘తేలు’ నుంచి వచ్చినదే కాబట్టి, ఈ నుడికారం మొత్తం నీటిలోనే నడుస్తుంది. శీర్షికలో చోటు చాలక క్రియను తీసేసి ‘చావోరేవో పోరు’ అని కుదించినప్పుడు ఆ పొందిక సగం పోతుంది, కానీ అది వేరే ఫిర్యాదు.

ఆ గ్రూపులో ఖతార్, కువైట్, భారత్, అఫ్గానిస్తాన్ ఉండేవి. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారికి మూడో రౌండుతో పాటు 2027 ఆసియా కప్‌లో నేరుగా చోటు దక్కుతుంది. 2023 నవంబరులో మన్వీర్ సింగ్ గోల్‌తో కువైట్‌ను దాని సొంత గడ్డపైనే ఓడించిన భారత్, 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడి, జూన్ 6న కోల్‌కతాలో సునీల్ ఛెత్రీ వీడ్కోలు మ్యాచ్‌ను కువైట్‌తో 0-0గా ముగించింది. అప్పటికే ఖతార్ ముందుకు వెళ్లిపోయింది. మిగిలిన ఒక్క స్థానానికి భారత్, అఫ్గానిస్తాన్ చెరి 5 పాయింట్లతోనూ, కువైట్ 4 పాయింట్లతోనూ పోటీలో నిలిచాయి.

జూన్ 11న దోహాలో ఖతార్‌తో జరిగిన చివరి మ్యాచ్‌కు ఈ నుడికారం అతుకుతుందా? గెలిస్తే 8 పాయింట్లు. గోల్స్ తేడాలో అఫ్గానిస్తాన్ బాగా వెనుకబడి ఉంది కాబట్టి రేవు దాదాపు చేరినట్లే. ఓడితే, కువైట్–అఫ్గానిస్తాన్ మ్యాచ్ ఎలా ముగిసినా మునకే. అయితే మ్యాచ్ సమంగా ముగిస్తే భారత్‌కు 6 పాయింట్లు వస్తాయి. అవతలి మ్యాచ్ కూడా సమమైతేనే గోల్స్ తేడాతో రెండో స్థానం దక్కుతుంది. ‘తేల్చుకొను’లోని ‘కొను’ తన పని తానే చేసుకోవడాన్ని చెబుతుంది. ఈ మూడో సందర్భంలో తేల్చేది మనం కాదు, అవతలి రెండు జట్లు. అందుచేత ఆ రోజుకు ఈ మాట రెండు కొసలా సరిపోయి, నడుమ జారిపోయిందని నా అభిప్రాయం.

జరిగింది అందరికీ తెలుసు. ఛాంగ్టే గోల్‌తో ఆధిక్యంలో ఉన్న భారత్‌పై 73వ నిమిషంలో, గీత దాటిపోయిన బంతిని వెనక్కి లాగి ఖతార్ కొట్టిన గోల్‌ను రిఫరీ అంగీకరించారు. ఆ రౌండులో వీడియో సమీక్ష లేదు. మ్యాచ్ 1-2తో చేజారింది. కువైట్ 1-0తో అఫ్గానిస్తాన్‌ను ఓడించి రెండో స్థానం తీసుకుంది.

స్పందన: మీ లెక్క ఒప్పుకుంటాను గానీ, శీర్షిక చదివేవారు ‘కొను’ దాకా వెళ్లరండీ. అయినా కచ్చితత్వమే కావాలంటే, సమమైనా ఆశ మిగిలే మ్యాచ్‌కు మనకు ‘గట్టెక్కడం’ ఉంది. పక్కవారి పుణ్యాన గట్టెక్కినా అది గట్టెక్కడమే కదా! ‘చావో రేవో’ను ఇరాక్, యూఏఈ 2025 నవంబరులో ఆడిన రెండు అంచెల ప్లేఆఫ్‌ వంటి వాటికి దాచుకుందాం. తొలి అంచె 1-1తో సమమైనా, బస్రాలో 2-1తో ఇరాక్ గెలిచి తేల్చుకుంది. కాకపోతే ఆ రేవు కూడా మరో ప్లేఆఫ్‌కు ఎక్కే రేవే.