చర్చ: యాన్సన్ డోరన్స్ గెలిచిన 22 టైటిళ్ళను ఎలా లెక్కకట్టాలి?

లెఫ్ట్‌వింగ్:

నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయ మహిళల సాకర్ జట్టుకు 1979 నుంచి 2024 ఆగస్టు దాకా హెడ్ కోచ్‌గా ఉన్న యాన్సన్ డోరన్స్ (1951లో పుట్టింది మన బొంబాయిలోనే) పేరిట 22 జాతీయ టైటిళ్ళు ఉన్నాయి. వాటిలో మొదటిది 1981లో ఏఐఏడబ్ల్యూ అనే మహిళా క్రీడల సంఘం జరిపిన పోటీలో వచ్చింది. మిగతా 21, ఆ మరుసటి ఏడాది నుంచి కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నిర్వహిస్తున్న పోటీలో వచ్చినవి. ఈ అంకెను చూపి, అమెరికా కళాశాల క్రీడలన్నిటిలోనూ ఆయనంతటి కోచ్ లేరని తేల్చేయడం పరిపాటి అయింది. ఆ అంకెను విడదీయకుండా మొత్తంగా తీసుకోకూడదని నా వాదన.

ఎన్‌సీఏఏ పోటీలనే చూడండి. 1982 నుంచి 1994 వరకు జరిగిన 13 పోటీల్లో 12 టైటిళ్ళు నార్త్ కెరొలైనావే. చేజారింది 1985 ఒక్కటే, ఆ ఏడు ఫైనల్లో జార్జ్ మేసన్ జట్టు చేతిలో ఓడారు. 1995 నుంచి 2012 వరకు 18 పోటీల్లో 9 గెలిచారు. 2013 నుంచి 2023 వరకు 11 పోటీల్లో ఒక్కటీ లేదు. 1982 టోర్నీలో ఆడినవి 12 జట్లే. 2001 నుంచి సాధారణంగా 64 జట్లు ఆడుతున్నాయి. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఒత్తిడితో కళాశాలలు ఒక్కొక్కటిగా మహిళల సాకర్ జట్లను నెలకొల్పుకుంటూ వచ్చాయి. పోటీదారులు పెరిగినకొద్దీ ఆయన గెలుపులు తగ్గాయి. అందుచేత తొలి 12 టైటిళ్ళలో పెద్ద వాటా ముందుగా బయలుదేరినందుకు దక్కినదేనని నేననుకుంటున్నాను.

పీఈటీ మాస్టారు:

లెఫ్ట్‌వింగ్ గారూ, మీ లెక్క సరైనదే గానీ, దాని నుంచి మీరు తేల్చినది తొందరపాటు. ఆ రోజుల్లో మసాచుసెట్స్, కనెక్టికట్, జార్జ్ మేసన్ కూడా గట్టి జట్లే. వాటికీ అదే చట్టం, అదే కాలం. ముందుగా బయలుదేరడమే కారణమైతే టైటిళ్ళు ఆ నలుగురికీ పంచబడి ఉండవలసింది కదా?

తేడా సాధన మైదానంలో ఉంది. అదే విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ కోచ్‌గా ఉన్న డీన్ స్మిత్ తన సాధనలో ప్రతి చిన్న విషయాన్నీ అంకెల్లో రాయించేవారు. డోరన్స్ ఆ పద్ధతిని సాకర్‌లోకి తెచ్చారు. సాధన జరుగుతున్నంతసేపూ మేనేజర్లు అట్ట, పెన్సిలు పట్టుకుని పక్కన నిలబడేవారు. ఒకరిపై ఒకరు బంతి కోసం తలపడే ఆటలో ఎవరు గెలిచారు, పరుగు పందెంలో ఎవరు వెనుకబడ్డారు, ఎన్ని షాట్లు గోల్ వైపు వెళ్ళాయి, గాలిలోకి లేచిన బంతిని ఎవరి తల ముందు తాకింది అనేవన్నీ రాసుకునేవారు. తరువాత ఆ ఫలితాలను వరుస సంఖ్యలతో అందరికీ కనబడేలా అంటించేవారు. దీనికి ఆయన పెట్టిన పేరు ‘కాంపిటిటివ్ కాల్డ్రన్’ (పోటీతో మరిగే కాగు). అమ్మాయిలు తోటి స్నేహితురాలిని సాధనలో ఓడించడానికి వెనకాడతారన్న అలవాటును ఈ పట్టికలే విరగ్గొట్టాయని ఆయన నమ్మకం. తరువాత అమెరికా జట్టు తారగా పేరుపొందిన మియా హామ్ కళాశాల జీవితంలో ఆడిన 95 మ్యాచుల్లో ఓడింది ఒక్కటే. అలాంటి క్రీడాకారిణి కూడా రోజూ ఆ పట్టికలో తన స్థానం కోసం పోరాడవలసి వచ్చేది. వ్యాయామ ఉపాధ్యాయుడిగా చాలాకాలం పనిచేసినవాడిని కనుక చెబుతున్నాను: ఒక వారం ఇలా రాయించడం ఎవరికైనా సాధ్యమే, నాలుగు దశాబ్దాలు సడలకుండా రాయించడానికి వేరే పట్టుదల కావాలి.

కారీవాసి:

మేముండేది ఈ విశ్వవిద్యాలయం ఉన్న చాపెల్ హిల్‌కు దగ్గరలోని కారీలో. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఆడపిల్లలను క్లబ్ సాకర్‌కు పంపేవారు తక్కువేమీ కాదు, కాబట్టి శనివారం మైదానం గట్టున ఈ చర్చ మాకు మామూలే. ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. 1986 నుంచి 1994 వరకు డోరన్స్ అమెరికా మహిళల జాతీయ జట్టుకు కూడా కోచ్. దేశంలోని మెరికల్లాంటి పిల్లలను పదిహేనేళ్ళ వయసులోనే చూసి ఎంపిక చేసే మనిషి, అదే పిల్లలను తన కళాశాలకు కూడా పిలవగలిగే స్థితిలో ఉన్నారు. మియా హామ్ అలా వచ్చినవారే. 1991లో చైనాలో జరిగిన తొలి మహిళల ప్రపంచ కప్‌కు వెళ్ళిన 18 మందిలో సగం మంది నార్త్ కెరొలైనాలో ఆడినవారే. ఇప్పుడు ఏ కోచ్‌కైనా ఇటువంటి రెండు కుర్చీలు ఇస్తే తక్కిన కళాశాలలు ఊరుకుంటాయా?

పీఈటీ మాస్టారు:

ఆ ప్రపంచ కప్ ఫైనల్లో నార్వేపై 2–1తో గెలిచినప్పుడు రెండు గోల్సూ కొట్టినది మిషెల్ ఏకర్స్. ఆమె చదివింది సెంట్రల్ ఫ్లోరిడాలో. సొంత కళాశాల పిల్లలకే పెద్దపీట వేశారనుకుంటే ఈ సంగతి ఎక్కడ ఇముడుతుంది?

లెఫ్ట్‌వింగ్:

ఏకర్స్‌ను వదిలేసే కోచ్ ప్రపంచంలో ఎవరూ ఉండరు, మాస్టారూ. కారీవాసి గారి ప్రశ్న జాతీయ జట్టు ఎంపిక గురించి కాదు, కళాశాలలో చేర్చుకోవడం గురించి.

న్యాయపక్షం:

మీరంతా టైటిళ్ళ చుట్టూనే తిరుగుతున్నారు. 1998లో ఇద్దరు మాజీ క్రీడాకారిణులు డోరన్స్ మీద, విశ్వవిద్యాలయం మీద టైటిల్ నైన్ కింద దావా వేశారు. జట్టు సభ్యుల వ్యక్తిగత, లైంగిక విషయాల గురించి కోచ్ అడుగుతూ, వ్యాఖ్యానిస్తూ ఉండేవారన్నది వారి ఆరోపణ. తాను వేధించాననడాన్ని ఆయన తోసిపుచ్చారు. వారిలో ఒకరు 2004లోనే రాజీపడ్డారు. కింది కోర్టు కొట్టివేసిన రెండో ఆమె దావాను 2007లో ఫోర్త్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు పూర్తి ధర్మాసనం తిరిగి నిలబెట్టి, ఇది జ్యూరీ వినదగినదేనని చెప్పింది. విచారణ దాకా వెళ్ళకుండానే 2008 జనవరిలో రాజీ కుదిరింది. విశ్వవిద్యాలయం 3,85,000 డాలర్లు చెల్లించింది, డోరన్స్ క్షమాపణ లేఖ ఇచ్చారు. కోర్టు ఆయనను దోషిగా ప్రకటించలేదు. ఆ సంగతి మరచిపోకుండానే నేనిది రాస్తున్నాను.

దీన్ని కెరీర్‌కు అంటిన మరక అని ఒక వాక్యంలో రాసి పక్కన పెట్టే వ్యాసాలే ఎక్కువ. నాకు మాత్రం ఇది మాస్టారు మెచ్చుకున్న పట్టిక గురించి కూడా ఆలోచించవలసిన విషయంగా కనిపిస్తుంది. మన కార్పొరేట్ జూనియర్ కళాశాలల్లో గోడకు అంటించే ర్యాంకుల జాబితాలాగే, ఎవరి విలువ ఎంతో రోజూ బాహాటంగా ప్రకటించే చోట, మ్యాచ్‌లో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడాలో, ఎవరి స్కాలర్‌షిప్ ఏమవ్వాలో తేల్చే మనిషి మాటకు పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఎదురుచెప్పగలదా? సరదా మాటగా ఆయనకు అనిపించినది ఆమెకు అలాగే అనిపించవలసిన అవసరం లేదు.

పీఈటీ మాస్టారు:

న్యాయపక్షం గారి ప్రశ్నను కాదనను. అయితే పట్టిక వేరు, మాట వేరు. అంకెలు రాయించే కోచ్‌లంతా పిల్లల సొంత విషయాల్లోకి చొరబడరు; పట్టికలు లేని చోట అధికారం దుర్వినియోగం కాలేదనీ చెప్పలేము. నిజానికి పట్టిక ఉంటే కోచ్ ఇష్టాయిష్టాలకు చోటు తగ్గుతుంది, ఎందుకంటే ఫలానా అమ్మాయిని ఎందుకు ఆడించలేదని అడిగితే ఆయన కూడా ఆ అంకెలకే జవాబు చెప్పాలి. ఆ శిక్షణలోంచి వచ్చిన ఏప్రిల్ హైన్రిక్స్ తరువాత జాతీయ జట్టు కోచ్ అయ్యారు. సిండీ పార్లో కోన్ 2020లో అమెరికా సాకర్ సమాఖ్యకు అధ్యక్షురాలయ్యారు. వీళ్ళను నోరెత్తలేనివాళ్ళు అనగలమా?

న్యాయపక్షం:

గెలిచి పైకి వచ్చిన వారిని సాక్ష్యంగా తెస్తే, మధ్యలో జట్టు వదిలి వెళ్ళినవారు లెక్కలోకి రారు.

కారీవాసి:

చివరి రెండేళ్ళ సంగతి కూడా చేర్చాలి. 2022 ఫైనల్ మా ఊళ్ళోనే జరిగింది. నార్త్ కెరొలైనా 2–0 ఆధిక్యంలో ఉండి, ఇక 16 సెకన్లు ఉన్నాయనగా స్కోరు సమం కానిచ్చి, అదనపు సమయంలో 3–2తో లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయమైన యూసీఎల్‌ఏకు ఓడిపోయింది. యూసీఎల్‌ఏ కోచ్ మార్గరీట్ అవొజాసాకు హెడ్ కోచ్‌గా అదే మొదటి ఏడాది. 2024 ఆగస్టులో, సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు డోరన్స్ తప్పుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా ఆయనకు సహాయకుడిగా ఉన్న డేమన్ నాహాస్ తాత్కాలిక బాధ్యత తీసుకుని, ఆ డిసెంబరులోనే వేక్ ఫారెస్ట్‌ను 1–0తో ఓడించి టైటిల్ తెచ్చారు. పన్నెండేళ్ళుగా రానిది, పెద్దాయన వెళ్ళిన నాలుగు నెలలకే వచ్చింది. జట్టు ఆయన కూర్చినదే కదా అని మా ఆయన వాదన. అలాగైతే పదేళ్ళ ముందే తప్పుకోవలసింది కదా అని నాది.

లెఫ్ట్‌వింగ్:

2024 టైటిల్‌ను డోరన్స్ ఖాతాలో వేయదలచుకున్నవారు ముందు ఒక నియమం ఒప్పుకోవాలి. జట్టును కూర్చినవారికే ఘనత అన్నప్పుడు, 1986 నుంచి 1994 వరకు జాతీయ కోచ్ హోదాలో ఆయనకు పిల్లలు దొరికిన తీరును కూడా ఆ తొమ్మిది వరుస టైటిళ్ళ పక్కన రాయాలి. మైదానం గట్టున నిలబడి నడిపించినవారికే ఘనత అంటే 2024 నాహాస్‌ది, 2013 నుంచి వచ్చిన సున్నా డోరన్స్‌ది. రెండు నియమాల్లో ఏదైనా నాకు సమ్మతమే గానీ, గెలిచిన ఏడాదికి ఒకటి, ఓడిన ఏడాదికి మరొకటి వాడితే మాత్రం ఒప్పుకోను. మాస్టారు చెప్పిన శిక్షణ పద్ధతి ఘనత 1995 తరువాతి 9 టైటిళ్ళలోనే ఎక్కువ కనబడుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ కాలానికి జాతీయ జట్టు కుర్చీ ఆయన చేతిలో లేదు, ఎదుట జట్లు కూడా పెరిగాయి.