సొంతంగా కట్టుకున్న విమానం: స్టాల్ వచ్చేముందు తెలియాలంటే ఏం చేయాలి?

రెక్కలపిచ్చి:
రెండు సీట్ల లో-వింగ్ విమానం కిట్‌తో కడుతున్నాను. ఇంజిన్ బిగించడం అయింది, రంగు వేయడం మిగిలింది. ఇదే డిజైన్ నడుపుతున్న ఒకాయనతో మాట్లాడాక టెన్షన్ పట్టుకుంది. స్టాల్‌కు (గాలి రెక్కను వదిలేసి, రెక్క విమానాన్ని మోయలేకపోవడం) ముందు వణుకు లేదట, ఎడమ రెక్క చటుక్కున పడిపోతుందట. వార్నింగ్ హారన్ కిట్‌లో లేదు. ఉన్న డబ్బుతో యాంగిల్ ఆఫ్ అటాక్ ఇండికేటర్ (రెక్కకు గాలి ఏ కోణంలో తగులుతోందో చూపేది) కొనాలా, రెక్క పొడవునా వోర్టెక్స్ జనరేటర్లు (గాలిలో చిన్న సుడులు పుట్టించే పలకలు) అతికించాలా? జనరేటర్లతో స్టాల్ స్పీడే తగ్గిపోతుంది కదా, అది చాలదా?

పాత ఇన్‌స్ట్రక్టర్:
ముందు డబ్బు ఖర్చులేని పనులు చూద్దాం. స్టాల్ స్పీడ్ తగ్గించడం ఒకటి, స్టాల్ చెప్పి మరీ వచ్చేలా చేయడం ఇంకొకటి. మీకు కావలసింది రెండోది. పొడవునా జనరేటర్లు పెడితే గాలి రెక్కను ఇంకాసేపు అంటుకుని ఉంటుంది, నిజమే. కానీ వదిలేటప్పుడు రెక్క మొదలూ (బాడీ దగ్గరి భాగం) చివరా ఒక్కసారే వదిలేయవచ్చు. కాస్త స్పీడ్ కోసం హెచ్చరికను పోగొట్టుకునే బేరం నాకు నచ్చదు. పెట్టాలనుకుంటే ఎయిలరాన్ల (రెక్క చివర ఉండి విమానాన్ని పక్కకు వంచే పలకలు) ముందు భాగంలోనే పెట్టండి.

ఎప్పుడూ ఎడమ రెక్కే పడుతోందంటే అది ఆ డిజైన్ గుణం కాకపోవచ్చు, ఆయన విమానంలో ఏదో వంకర ఉండొచ్చు. మీ రెక్కలు రెండూ ఒకే కోణంలో కూర్చున్నాయా అని డిజిటల్ లెవెల్‌తో మొదట్లోనూ చివర్లోనూ కొలవండి. ఫ్లాప్‌లు (దిగేటప్పుడు కిందకు దించే రెక్క వెనక పలకలు) మూసినప్పుడు రెండూ ఒకేచోట ఆగాలి. చాలామంది ఈ కొలతలు ఒకసారి తీసి మర్చిపోతారు.

టెస్ట్ ఫ్లైట్లు మొదలై ఇంజిన్ మీద నమ్మకం కుదిరాక, రెక్క పైభాగమంతా ఊలు ముక్కలు వరసగా టేపుతో అతికించి కెమెరా పెట్టండి. మంచి ఎత్తులో, విమానం పక్కకు జారుతోందేమో చూపే మీటర్‌లో బాల్ మధ్యలో ఉంచి, మెల్లగా స్టాల్‌కు తీసుకెళ్లండి. ఊలు ఎక్కడ మొదటగా చెదిరి ముందంచు వైపు తిరుగుతుందో అక్కడే గాలి విడిపోతోంది. అది రెక్క మొదట్లో కావాలి. అప్పుడు ఆ చెదిరిన గాలి తోకకు తగిలి స్టిక్ వణుకుతుంది, చివర్లో ఎయిలరాన్లు ఇంకా పనిచేస్తుంటాయి. చివర్లోనే మొదలైతే, రెక్క మొదట్లో ముందంచు మీద స్టాల్ స్ట్రిప్ అనే చిన్న త్రికోణపు పట్టీ పెట్టాలి. మొదట టేపుతోనే అతికించి, కొన్ని మిల్లీమీటర్లు పైకీ కిందకీ జరుపుతూ చూడాలి. స్టాల్ స్పీడ్ కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి. ఒక్క మాట: టేపు గట్టిగా ఉండాలి. ఒకవైపు పట్టీ ఊడితే మీరు భయపడుతున్న రెక్క పడటాన్నీ, దాంతో విమానం గిరగిరా తిరుగుతూ కిందకు పోయే స్పిన్‌నూ మీరే తయారు చేసుకున్నట్టు.

గాలివాటం:
ఎలివేటర్ (ముక్కును పైకీ కిందకీ తిప్పే తోక పలక) ఎంతవరకు కదలాలో దాన్నే తగ్గిస్తే? ఫ్రెడ్ వీక్ అనే ఇంజనీరు డిజైన్ చేసిన ఎర్కూప్ విమానంలో ఎలివేటర్ పైకి 13 డిగ్రీలే వెళ్లేది. స్పిన్‌లోకి వెళ్లలేని విమానంగా 1940లో సర్టిఫికెట్ కూడా వచ్చింది.

పాత ఇన్‌స్ట్రక్టర్:
ఎర్కూప్ మొత్తాన్నీ ఆ ఉద్దేశంతోనే డిజైన్ చేశారు, రడ్డర్‌ను (తోకమీది నిలువు పలక) కదిపే పెడల్స్ కూడా లేకుండా. మనం ఎలివేటర్‌కు అడ్డుగా స్టాప్ ఒక్కటి బిగిస్తే, సీజీ (విమానం బరువు కేంద్రం) ముందుకున్న రోజు ఫ్లాప్‌లు దించి దిగేటప్పుడు ముక్కు లేవదు. రన్‌వే మీద ముందుచక్రం విరుగుతుంది. నాసా రెక్క బయటి సగంలో ముందంచును కిందకు దించి, లోపలివైపు మెట్టులా వదిలేసే పద్ధతిని పరీక్షించింది. ఆ మెట్టు దగ్గర పుట్టే సుడి, లోపలి స్టాల్‌ను చివరికి పాకనివ్వదు. సిర్రస్ కంపెనీ విమానాల రెక్కలో కనిపించేది అదే. బాగుంటుంది, కానీ కంటి అంచనాతో ఫైబర్‌గ్లాస్ అతికించి చేసే పని కాదు.

రెక్కలపిచ్చి:
అయితే ఇండికేటర్ వద్దంటారా? స్పిన్ టెస్ట్ కూడా చేసి చూడాలా?

పాత ఇన్‌స్ట్రక్టర్:
ఇండికేటర్ కొనండి, శబ్దం చేసేది. దిగేముందు రన్‌వేకి అడ్డంగా వెళ్లే బేస్ నుంచి, సూటిగా వెళ్లే ఫైనల్‌కు తిరిగేటప్పుడు కళ్లు రన్‌వే మీద ఉంటాయి, డయల్ మీద కాదు. 50 నాట్లకు స్టాల్ అయ్యే విమానం 60 డిగ్రీల వాలులో ఎత్తు తగ్గకుండా తిరిగితే దాదాపు 71 నాట్లకే స్టాల్ అవుతుంది. స్పీడ్ మీటర్ ఆ సంగతి చెప్పదు, ఇండికేటర్ చెబుతుంది, మీరు దాన్ని గాల్లో సరిగ్గా కాలిబ్రేట్ చేస్తే. రన్‌వే దాటిపోతున్నామని లోపలివైపు రడ్డర్ తొక్కితే, వాలు పెరగకుండా ఎయిలరాన్ ఎదురు తిప్పి స్టిక్ లాగితే, లోపలి రెక్క కిందకు పోతుంది. అక్కడ పవర్ తగ్గించి, ఎయిలరాన్ మధ్యలో పెట్టి, ఎదురు రడ్డర్ తొక్కి, స్టిక్ ముందుకు తోసే పాఠం ఎంత బాగా వచ్చినా ఎత్తు చాలదు. అక్కడ కాపాడేది ముందస్తు హెచ్చరికే, అందుకే స్పిన్ టెస్ట్ వద్దు. డిజైనర్ వద్దన్నదాంట్లో అసలే వద్దు. స్పిన్‌లు నేర్చుకోవాలంటే వాటికి అనుమతి ఉన్న విమానంలో, పక్కన మనిషిని పెట్టుకుని నేర్చుకోండి.

గాలివాటం:
ఒకటి మర్చిపోతున్నారు: రంగు ఇంకా వేయలేదన్నారు. వేశాక మళ్లీ తూచండి. తోకమీద రంగు సీజీని వెనక్కి లాగుతుంది, సీజీ వెనక్కి పోయేకొద్దీ స్పిన్ నుంచి బయటపడటం కష్టం. ఎయిలరాన్లు, రడ్డర్ కూడా రంగు తర్వాతే బ్యాలెన్స్ చేసుకోండి.