300 ఎంబీపీఎస్ వేయించినా పింగ్ తగ్గదేంది? రాత్రి 8 దాటితే 250

కందుకూరు కుర్రోడు:
అన్నలూ కాస్త చెప్పండి. మాది కందుకూరు, ఫైబర్ నెట్టు, ఆడేది వాలరెంట్ అనే కాల్పుల గేము, ముంబై సర్వర్. పొద్దునపూట పింగ్, అదే సర్వర్‌కి పోయి తిరిగొచ్చే టైము, 38 మిల్లీసెకన్ల దగ్గర కదలకుండా ఉంటది, రాత్రి 8 దాటిందంటే 60, 180, 250 అట్టా ఎగురుద్ది. పోయిన నెల 100 ఎంబీపీఎస్ తీసేసి 300 వేయించినా, కేబులాయన ఇంక తిరుగుండదు అన్నాడు, పొద్దున 38 ఇప్పుడూ 38యే, రాత్రి గోల రాత్రిదే. రౌటరు కింద మా అన్న ఫొటో స్టూడియోలో ఉండాది, నేను మేడ మీద వైఫైతో ఆడతా. ఇంకోటి, గోడ చాటుకి పూర్తిగా వచ్చేసినాక కూడా చచ్చిపోతుండా, క్లిప్ చూసుకుంటే ఒళ్లంతా గోడ వెనకే ఉండాది. పింగ్ 10 కి తెచ్చే దారి ఉందా? బూస్టర్ యాప్ కొనమంటున్నారు ఫ్రెండ్స్.

పెన్న ఒడ్డు:
తమ్ముడూ, 10 మాత్రం మర్చిపో. ఫైబర్లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోద్ది, గాజులో కాబట్టి 3 లక్షలు రాదు. అంటే వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు, అందులో పైసా తగ్గదు. మన లైన్ మద్రాసు మీదుగానో హైదరాబాదు మీదుగానో ముంబై పోతుంది, దారిలో వంకర్లు కలుపుకొని 1600 కిలోమీటర్లు వేసుకో, రానుపోను 16 అక్కడే అయిపోయింది. మధ్యలో రౌటర్లు, నీ వైఫై, అన్నీ కలిపి 38 అంటే మంచి నంబరే. సింగపూర్ సర్వర్ ఎక్కితే మద్రాసు నుంచి సముద్రం కేబులే సుమారు 3200 కిలోమీటర్లు, ఒక్క కేబుల్‌కే 32.

ఎంబీపీఎస్ అంటే రోడ్డు వెడల్పు. హైవేని ఆరు లైన్లు చేస్తే నెల్లూరుకీ మద్రాసుకీ దూరం తగ్గుద్దా? గేమ్‌కి కావాల్సింది సెకనుకి కొన్ని వందల కిలోబిట్లు, దానికి 100 కూడా ఎక్కువే.

బూస్టర్ యాప్ కూడా దూరాన్ని చంపలేదు. నీ ట్రాఫిక్ ఊరికే సింగపూర్ పోయి ముంబై వస్తా ఉంటే అప్పుడు వేరే దారి చూపించి తగ్గించగలదు. 38 వస్తుందంటే నీ దారి తిన్నగానే ఉండాది, డబ్బులు కట్టబాక.

రాత్రి 8 కి ఇంట్లో ఏం జరుగుద్దో అది చెప్పు ముందు.

కందుకూరు కుర్రోడు:
అన్న షాపు మూసేముందు ఆ రోజు పెళ్లి వీడియోలన్నీ డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడు, ఒక్కోటి 40 జీబీ దాకా ఉంటది. కానీ అది అప్‌లోడే కదన్నా, నేను ఆడేదానికీ దానికీ ఏంది సంబంధం?

పెన్న ఒడ్డు:
అదే దొంగ! నువ్వు నొక్కే ప్రతి బటనూ అప్‌లోడ్ దారిలోనే పోవాల. వెంకటాచలం టోల్‌గేట్ దగ్గర రొయ్యల లారీలు వంద నిలబడితే వెనక వచ్చిన అంబులెన్స్ కూడా ఆగాల్సిందే, రౌటర్లో అట్టానే డ్రైవ్ ప్యాకెట్లు క్యూ కట్టేస్తాయి, నీ చిన్న ప్యాకెట్ చివర నిలబడుద్ది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. ప్లాన్ పెంచినా పోదు, డ్రైవ్ ఎంత ఇస్తే అంత మింగుద్ది.

ఈ రాత్రి ఒక పని చెయ్. అప్‌లోడ్ నడిచేటప్పుడు రెండు కమాండ్ విండోలు తెరిచి ఒకదాంట్లో రౌటర్‌కి, ఇంకోదాంట్లో 8.8.8.8 కి (బయటుండే గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ పెట్టు. రౌటర్ వరకే ఎగిరితే వైఫై సమస్య, రౌటర్ 2 లోనే ఉండి రెండోది ఎగిరితే క్యూ. క్యూ అయితే అన్న కంప్యూటర్లో డ్రైవ్ సెట్టింగుల్లోకి పోయి అప్‌లోడ్ స్పీడుకి హద్దు పెట్టు, నీకొచ్చే అప్‌లోడ్‌లో 80 శాతం దాటకుండా. రౌటర్లో ఎస్‌క్యూఎం అని క్యూని అదుపులో పెట్టే సెట్టింగు ఉంటే ఇంకా మేలు, దాంట్లో ఉండే ఎఫ్‌క్యూ కోడెల్ లాంటి పద్ధతులు క్యూని పెరగనియ్యవు, చిన్న ప్యాకెట్లని ముందు పంపిస్తాయి.

ఒంగోలు నెట్‌కోడ్:
గోడ సంగతి నేను చెప్తా, నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. నీ తెర మీద నువ్వు కదిలింది వెంటనే కనపడుద్ది కదా, అది సర్వర్ ఒప్పుకోకముందే నీ కంప్యూటర్ ముందుగా ఊహించి చూపించేది, 1996 లో క్వేక్‌వరల్డ్ అనే గేముతో బాగా తెలిసిన పద్ధతి. కానీ ఎదుటోడికి నువ్వు పాత చోటే కనిపిస్తావు. నీ పింగ్ 38, అతనిది 80 అనుకో, నువ్వు గోడ వెనక్కి వచ్చిన సంగతి అతని తెరకి చేరేసరికి 60 మిల్లీసెకన్లు, అతను పేల్చింది తిరిగి నీకు తెలిసేసరికి ఇంకో 60. సెకనుకి 5 మీటర్లు పరిగెత్తే మనిషి ఈ లోపల దగ్గరదగ్గర రెండడుగులు పోతాడు, నీ క్లిప్‌లో కనపడేది ఆ రెండడుగులే.

సర్వర్ ఏం చేస్తదంటే కాలాన్ని కాస్త వెనక్కి తిప్పి అతను పేల్చిన క్షణంలో అతని తెర మీద నువ్వు యాడ ఉన్నావో చూసి తగిలిందంటుంది. అట్టా చెయ్యకపోతే పింగ్ ఉన్న ప్రతివోడూ మనిషికి ముందు గాలిలో కాల్చుకోవాల, అది ఇంకా అన్యాయం. వాలరెంట్ సర్వర్లు సెకనుకి 128 సార్లు లెక్క చూస్తాయి, అంటే 7.8 మిల్లీసెకన్లకోసారి, దాన్ని రెట్టింపు చేసినా నీకు మిగిలేది మూడో నాలుగో, ఆ 120 అట్టానే ఉంటది. ఎవడో ఒకడికి అన్యాయం జరగాల్సిందే, దాన్ని ఎవడి నెత్తిన పెట్టాలన్నదే గేమ్ చేసేవాళ్ల చేతిలో ఉండేది.

కందుకూరు కుర్రోడు:
చేసినా అన్నా. రౌటర్ పింగ్ 3, బయటది 240. డ్రైవ్‌కి హద్దు పెట్టగానే 41 కి దిగింది, వీడియో ఎక్కతానే ఉండాది. అన్నకి ఎక్కడం ఇంకో పావుగంట ఎక్కువ పడతా ఉంది, సరేలే అన్నాడు. ఆదివారం కిటికీలోంచి లాన్ వైరు పైకి లాగుతుండా, 20 మీటర్లు సరిపోద్దా?

పెన్న ఒడ్డు:
సరిపోద్ది, క్యాట్ 6 తీసుకో. కరెంటు వైరుకి ఆనించి కట్టబాక, ఎండ తగిలే చోట పైపులో వెయ్.