ప్లేటు పొడవు పెంచమంటే స్కేల్ కొట్టేయడమేనా? స్కేల్ వర్సెస్ స్ట్రెచ్, ఒకసారి తేల్చండి

లేయర్ జీరో:
మా టీంలో రెండ్రోజులుగా ఇదే గొడవ. 300 బై 200 మిల్లీమీటర్ల బేస్ ప్లేటు, ఆటోక్యాడ్‌లో (కంప్యూటర్‌లో డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) 2డీ డ్రాయింగ్, 18 డయా (వ్యాసం) బోల్టు హోల్స్ ఆరు, పైన మూడు కింద మూడు. క్లయింటు పొడవు 360 చెయ్యమన్నాడు, అంతే. కొత్తగా చేరిన కుర్రాడు మొత్తం సెలెక్ట్ చేసి స్కేల్ 1.2 కొట్టాడు (అన్నిటినీ అన్ని వైపులా 1.2 రెట్లు చేసే కమాండ్), డైమెన్షన్లో 360 కనపడింది, హమ్మయ్య అనుకుని పంపేశాడు. వెడల్పు 240 అయి కూర్చుంది, హోల్స్ 21.6 అయ్యాయి. 21.6 డయా బోల్టు హోలు మీలో ఎవరైనా చూశారా అసలు? మందం మారలేదు కాబట్టి బరువు 1.2 రెట్లు కావాల్సింది 1.44 రెట్లు అయింది. నేననేది ఏంటంటే, పార్టు సైజు మార్చడానికి స్కేల్ జోలికే పోకూడదు, కావాల్సిన వైపు మాత్రమే లాగి సాగదీసే స్ట్రెచ్ ఒక్కటే. మా లీడేమో తప్పు కమాండ్‌ది కాదు, చూసుకోని మనిషిది అంటున్నారు. మీరు చెప్పండి.

ఆర్థో ఆన్:
మీ లీడ్ కరెక్ట్. స్కేల్‌ని బ్యాన్ చేస్తే రేపు స్కాన్ చేసిన పాత షీటు వస్తే ఏం చేస్తారు? స్కేల్‌లో రిఫరెన్స్ అని ఆప్షన్ ఉంది, తెలిసిన పొడవు మీద రెండు చివర్లు క్లిక్ చేసి అసలు కొలత టైప్ చేస్తే లెక్కలేవీ లేకుండా మొత్తం కూర్చుంటుంది. అలాగే 1000 ఉండాల్సిన గీత కొలిస్తే 39.37 వస్తోందంటే ఎవరో అంగుళాల్లో గీశారని అర్థం, 25.4 తో స్కేల్ కొడితే పని అయిపోయింది. అక్కడ స్ట్రెచ్ పట్టుకుని కూర్చుంటే తెల్లారుతుంది.

లేయర్ జీరో:
అది యూనిట్లు సరిచేయడం అన్నా, నేను మాట్లాడేది పార్టు డిజైన్ మారినప్పటి సంగతి. రెండూ కలిపేయకండి.

పాలీలైన్:
స్ట్రెచ్ అంటే ఏదో గంగాజలం అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ, స్ట్రెచ్‌తో నేను చేసుకున్నంత కంగాళీ స్కేల్‌తో ఎప్పుడూ చేసుకోలేదు. కుడి నుంచి ఎడమకి విండో లాగుతాం కదా, అందులో పూర్తిగా పడినవి జరుగుతాయి, సగం పడిన గీతలు సాగుతాయి, సర్కిల్ మాత్రం సాగదు, సెంటర్ విండోలో ఉంటే అలాగే జరుగుతుంది, లేకపోతే ఉన్నచోటే ఉంటుంది. ఇదంతా అందరికీ తెలుసు. కానీ ఆఫ్ చేసిన లేయర్ (డ్రాయింగ్‌లో విడిగా ఆన్ ఆఫ్ చేసుకునే పొర) మీద ఉన్నవి విండోకి అస్సలు చిక్కవు, లాక్ చేసిన లేయర్ మీదవి కదలవు. ఒకసారి సెంటర్ లైన్ల లేయర్ ఆఫ్‌లో పెట్టి స్ట్రెచ్ కొట్టా, హోల్స్ అన్నీ ముందుకెళ్లాయి సెంటర్ లైన్లు పాత చోటే ఉండిపోయాయి, ప్రింట్ తీసేముందు లేయర్ ఆన్ చేస్తే గానీ తెలియలేదు. స్కేల్ తప్పు కొడితే హోలు 21.6 అని మొహం మీద కొట్టినట్టు కనపడుతుంది, స్ట్రెచ్ తప్పు ఎక్కడో మూల దాక్కుంటుంది. నాకు రెండోదంటేనే భయం.

కటింగ్ సెక్షన్:
మీరంతా స్క్రీన్ ముందు కూర్చుని కొట్టుకుంటున్నారు, ఫైలు చివరికి వచ్చేది మా దగ్గరికి. మేం డీఎక్స్‌ఎఫ్ (డ్రాయింగ్‌ని వేరే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చే ఫైలు రకం) తీసుకుని అవుట్‌లైనూ హోల్సూ ఉంచుకుని డైమెన్షన్ల లేయర్ తీసేస్తాం, మెషిన్ కోసేది గీతని, మీరు రాసిన అంకెని కాదు. స్కేలూ కొట్టరు స్ట్రెచ్చూ కొట్టరు, డైమెన్షన్ మీద డబుల్ క్లిక్ చేసి 300 చెరిపేసి 360 అని టైప్ చేసేవాళ్లున్నారు! ప్రింట్‌లో 360, ప్లేటు 300. దానికంటే ఆ కుర్రాడు స్కేల్ కొట్టడమే నయం, కనీసం గీత నిజం చెప్తుంది. మాకు అనుమానం వస్తే ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడి (చేత్తో టైప్ చేసిన అంకె ఉండేది అక్కడే) ఖాళీ చేస్తాం, అసలు కొలత బయటికొచ్చేస్తుంది.

ఆర్థో ఆన్:
ఓవర్‌రైడ్ విషయంలో వందకి వంద మీతోనే ఉన్నా. అర్జెంటు అనే ఒక్క మాట చాలు, జనం ఏదైనా చేసేస్తారు.

కన్‌స్ట్రెయింట్ భక్తుడు:
ఇంత గొడవెందుకు బ్రో, ఆటోక్యాడ్‌లో 2010 వెర్షన్ నుంచి పారామెట్రిక్ ట్యాబ్ ఉంది, మధ్య హోలు ఎప్పుడూ మధ్యలోనే, హోల్ డయా 18 కదలకూడదు అని ఒకసారి కట్టేస్తే పొడవు దగ్గర 360 టైప్ చేసి ఎంటర్, అంతే. ఇదేం కొత్త ఐడియా కూడా కాదు, 1963లోనే ఐవాన్ సదర్‌ల్యాండ్ తన స్కెచ్‌ప్యాడ్ అనే డ్రాయింగ్ ప్రోగ్రాంలో గీతల మధ్య ఇలాంటి కట్టుబాట్లు (కన్‌స్ట్రెయింట్లు) పెట్టి చూపించాడు. 60 ఏళ్ల తర్వాత మనం ఇంకా విండో కుడి నుంచా ఎడమ నుంచా అని కొట్టుకుంటున్నాం.

పాలీలైన్:
సొంతంగా మొదట్నుంచి గీసుకునే ఫైలుకైతే బాగానే ఉంటుంది. నాకొచ్చేవన్నీ ఎవరో ఎప్పుడో గీసి, బ్లాకులన్నీ (ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపులు) ఎక్స్‌ప్లోడ్ చేసి విడి గీతలుగా మార్చి, ఒకదాని మీద ఒకటి మూడు గీతలు పెట్టిన ఫైళ్లు. దానికి కన్‌స్ట్రెయింట్లు కట్టే టైంలో పది ప్లేట్లు కొత్తగా గీసేస్తా. పదే పదే వాడే పార్టు అయితే డైనమిక్ బ్లాక్ (కొలతలు మార్చుకోగలిగే బ్లాకు) చేసి పెట్టుకోండి, దానికి ఒప్పుకుంటా. ఇంతకీ లేయర్ జీరో గారూ, ఆ ప్లేటు చివరికి సరిచేసింది ఎవరు? మధ్య హోల్స్ సంగతేంటి?

లేయర్ జీరో:
నేనే. స్ట్రెచ్‌తో. మీరు అడిగాక ఇప్పుడే ఫైలు తెరిచి చూశా. ఎడమ అంచు నుంచి హోల్స్ 50, 150, 250 దగ్గర ఉండేవి, కుడివైపు 60 లాగా కాబట్టి ఇప్పుడు 50, 150, 310. అంటే ఒక పక్క గ్యాప్ 100, ఇంకో పక్క 160. మధ్యవి రెండూ 30 జరిపి 180కి తేవాల్సింది, నేను అసలు చూడనేలేదు, ఆ కుర్రాడి మీద అరిచినంత సేపూ ఇది ఫైల్లో అలాగే ఉంది.

కటింగ్ సెక్షన్:
ఆగండాగండి, తొందరపడి 180కి జరిపేయకండి. దాని మీద కూర్చునేదాని హోల్స్ మారకపోతే 150 దగ్గరే ఉండాలేమో? అది స్కేల్‌కీ తెలీదు స్ట్రెచ్‌కీ తెలీదు, గీయించుకున్నవాళ్లకే తెలియాలి.

లేయర్ జీరో:
నిజమే. క్లయింటుకి ఇప్పుడే మెయిల్ పెట్టా, జవాబు వచ్చేదాకా కటింగ్ ఆపమని కూడా చెప్పా. కుర్రాడికి ఇంకా చెప్పలేదు, టీ టైంలో చెప్తా.