సంగీతం సాఫ్ట్‌వేర్ కొనేముందు స్టార్లు నమ్మొచ్చా?

సాలిగ్రామం కీబోర్డ్

అందరికీ నమస్కారం. చెన్నైలో కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్తాను. ఎక్కువగా తెలుగు భక్తి ఆల్బమ్‌లు, మధ్యమధ్యలో సీరియల్ రీరికార్డింగ్. ఒక సంగతి మీ అందరి ముందూ పెట్టి తేల్చుకుందామని రాస్తున్నాను.

పోయిన నెల ఒక వీణ లైబ్రరీ (కీబోర్డు నొక్కితే వీణ స్వరాలు పలికించే సాఫ్ట్‌వేర్) కొన్నాను. పేరు చెప్పను. 11 వేలయింది. అమ్మే సైట్లో 4.7 రేటింగు ఉంది, 140 మందికి పైగా రాశారు. "ఎంత సహజంగా ఉందో", "టోన్ అద్భుతం", "ఇంత తక్కువ ధరకా" అని వరసగా. వాడి చూడటానికి ట్రయల్ ఇవ్వలేదు కాబట్టి ఆ మాటలే నమ్ముకుని కొన్నాను.

శనివారం కాల్‌షీట్. తోడి రాగంలో పాట, పల్లవికీ చరణానికీ మధ్య నాలుగు బార్ల వీణ బిట్. స్వరాలు విడివిడిగా వాయించినంతసేపూ టోన్ బంగారంలా ఉంది. చివర్లో మధ్యమం నుంచి షడ్జం దాకా ఒక్క మీటులో జారు, అంటే నాదం తెగకుండా కిందికి జారే గమకం, రావాలి. స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పిచ్ వీల్ తిప్పితే రెండు సెమీటోన్ల (రెండు కీల దూరం) దగ్గరే ఆగిపోతోంది. ఆ రేంజి పెంచే దారి అందులో లేదు. పోనీ కీబోర్డు మీద మ గ రి స నొక్కితే నాలుగు స్వరాలకూ నాలుగు మీట్లు పడుతున్నాయి. వీణ మీద ఒకసారి మీటి తీగ మోగుతుండగానే వేలు జరుపుతారు, ఆ నాదం తెగదు. ఇక్కడ తెగిపోతోంది. గంటన్నర కుస్తీ పట్టాను. డైరెక్టర్‌గారు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, "వీణ వాయించేవాళ్ళని పిలిపించు నాయనా" అన్నారు. నుంగంబాక్కం నుంచి ఒకావిడ ఆటోలో వచ్చి పావుగంటలో పూర్తి చేసి వెళ్ళారు.

నా ప్రశ్న ఇదీ. ఆ 140 మందీ అబద్ధం రాశారా? చదవడం నాకే చేతకాలేదా? స్టార్లు చూసి కొనడం ఇక మానెయ్యాలా?

వలసరవాక్కం మిక్సింగ్

తమ్ముడూ, మానెయ్యక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. వాడినవాళ్ళు రాసిన మాటలు నన్ను కాపాడినన్నిసార్లు కంపెనీ పేజీలు ఎప్పుడూ కాపాడలేదు.

2019 అక్టోబరులో మ్యాక్‌కి కాటలీనా అనే కొత్త ఓఎస్ వచ్చింది. 32 బిట్ ప్రోగ్రాములు, అంటే పాత తరంవి, ఇక నడవవన్నారు. నా దగ్గర శబ్దానికి హాలు మోత ఇచ్చే పాత రివర్బ్ ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) ఒకటి ఉండేది, దాని పేజీలో ఇంకా "మ్యాక్‌లో పనిచేస్తుంది" అనే ఉంది. కింద ఎవరో రెండు స్టార్లిచ్చి నాలుగు లైన్లు రాశారు: అప్‌డేట్ చేశాక ప్లగిన్ కనబడటం లేదు, సెషన్ తెరిస్తే ఆ చోటు ఖాళీగా ఉంది అని. అది చదివి నా మిషన్ ముట్టుకోలేదు. అప్పటికి చేతిలో రెండు సినిమాల ఫైనల్ మిక్సింగ్ ఉంది. ముట్టుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం.

పత్రికల్లో రివ్యూ రాసేవాళ్ళు ఆ సాఫ్ట్‌వేర్‌ని కొన్నాళ్ళు వాడి రాస్తారు. లైసెన్సు మార్చుకోవడం, మిషన్ పాడైతే మళ్ళీ యాక్టివేట్ చేసుకోవడం, మూడేళ్ళ తర్వాత అప్‌డేట్‌కి డబ్బు అడగడం, ఇవన్నీ వాళ్ళ దాకా రావు. సొంత డబ్బు పెట్టి కొన్నవాడే ఆ సంగతులు చెప్పగలడు. 2023 మార్చిలో ప్లగిన్లు అమ్మే వేవ్స్ కంపెనీ ఇకపై శాశ్వత లైసెన్సులు అమ్మం, చందా కట్టి వాడుకోవాల్సిందే అంది. వాడుకరులు ఎక్కడికక్కడ గట్టిగా రాసేసరికి కొద్ది రోజులకే వెనక్కి తగ్గి పాత పద్ధతినీ ఉంచింది. వాడేవాళ్ళ మాటకి విలువ లేదంటే నేను ఒప్పుకోను.

పెరంబూర్ స్టూడెంట్

అన్నా, మీకు పని చేసిన అనుభవం ఉంది, తెలిసినవాళ్ళున్నారు. నేను హాస్టల్లో ఉండి నేర్చుకుంటున్నాను. మూడు వేలు పెట్టి ప్లగిన్ కొంటే ఆ నెల మెస్ బిల్లు కట్టడం కష్టం. ట్రయల్ లేనివాటికి స్టార్లు తప్ప నాకు ఇంకో ఆధారం లేదు. అవీ నమ్మొద్దంటే ఏం చూసి కొనాలి?

మైలాపూర్ గాత్రం

నేను పాఠాలు చెప్పుకునే మనిషిని, మీ ప్లగిన్ల సంగతి అంతగా తెలియదు. కానీ ఈ స్టార్ల వల్ల నా శిష్యురాలికి జరిగింది చెప్పాలి.

ఆ పిల్లకి పన్నెండేళ్ళు, ఐదున్నర శ్రుతి. శంకరాభరణంలో గాంధారం మీద నిలిస్తే రవ్వంత పైకి వెళ్తోంది. అదివరకు ఆ దోషం లేదు. రెండు వారాలు చూశాను. చివరికి "ఇంట్లో దేనితో సాధన చేస్తున్నావమ్మా" అని అడిగితే ఫోన్ తీసింది. తంబురా యాప్. తంబురాతో పాటు స్వరాలు కూడా వినిపిస్తుంది, దాన్ని పట్టుకుని పాడుతోంది. వాళ్ళ నాన్నగారు 4.8 చూసి పెట్టించారట.

తంబురా బాగా శ్రుతి చేస్తే, మీటని గాంధారం అందులోంచి దానంతటదే వినిపిస్తుంది. స్వయంభూ గాంధారం అంటాం. షడ్జానికి అది సుమారు 386 సెంట్ల ఎత్తులో ఉంటుంది (కీబోర్డు మీద పక్కపక్క కీల మధ్య దూరం 100 సెంట్లు). కీబోర్డు లెక్కలో గాంధారం సరిగ్గా 400. 14 సెంట్ల తేడా. ఆ యాప్ స్వరాలు కీబోర్డు లెక్కలోవి. పిల్ల చెవి మంచిది కాబట్టే ఆ 14 సెంట్లూ పట్టేసుకుంది!

ఆ రాత్రి కూర్చుని రివ్యూలు చదివాను. "ప్రకటనలు లేవు". "బ్యాటరీ తక్కువ తింటుంది". "స్క్రీన్ ఆపినా మోగుతూనే ఉంటుంది". "మా పాపకి రంగులు నచ్చాయి". ఏ ఒక్కటీ అబద్ధం కాదండీ. అన్నీ నిజాలే. శ్రుతి యాప్‌లో శ్రుతి ఎలా ఉందని మాత్రం నేను చదివినంతలో ఒక్కరూ రాయలేదు. సంగీతానికి కొనే వస్తువుకి సంగీతం తప్ప మిగతా అన్నిటికీ మార్కులు పడ్డాయి. అందుకే కీబోర్డ్ బాబు అడిగిన ప్రశ్నకి నా జవాబు: వాళ్ళు అబద్ధమాడలేదు, మీరు వినాలనుకున్నది వాళ్ళు వినలేదు.

గిండీ కోడర్

టీచర్‌గారూ, మీరు చెప్పినదానికి లోపలి నుంచి కొంచెం కలుపుతాను. సంగీతం నేర్పే ఒక యాప్ తయారుచేసే చోట మూడేళ్ళు పనిచేశాను.

"రేటింగ్ ఇవ్వండి" అనే పెట్టె ఎప్పుడు తెరుచుకోవాలో మేమే నిర్ణయించేవాళ్ళం. వాడేవాళ్ళు మొదటి పాట రికార్డు చేసుకుని, సేవ్ కొట్టి, తమ గొంతు తాము విని మురిసిపోయే క్షణం ఉంటుంది. అప్పుడు అడిగేవాళ్ళం. యాపిల్ తన పెట్టెని ఒక యాప్‌లో ఏడాదికి మూడుసార్లకు మించి చూపించనివ్వదు, కాబట్టి ఆ మూడూ వృథా కాకూడదని మీటింగులు జరిగేవి. అంతకుముందు ఇంకో పద్ధతి ఉండేది: మా సొంత పెట్టెలో ముందుగా "నచ్చిందా" అని అడిగి, అవునంటే స్టోర్‌కీ, కాదంటే మా మెయిల్‌కీ పంపడం. నచ్చనివాళ్ళ మాట బయటికి రాకుండా అక్కడే ఆగిపోయేది. నేను రాసిన కోడే అది. ఇప్పుడైతే రాయను.

ఇంకొకటి. సరుకు ఏదైనా, ఎన్ని స్టార్లు ఎంతమంది ఇచ్చారో బొమ్మ గీస్తే సాధారణంగా ఒకే ఆకారం వస్తుంది. ఐదు చాలా ఎక్కువ, ఒకటి కొంచెం, మధ్యలో పల్చగా. దీన్ని 2009లోనే పరిశోధకులు ఇంగ్లీషు జె అక్షరంతో పోల్చి రాశారు. ఒకమాదిరిగా నచ్చినవాళ్ళు రాయడానికి కూర్చోరు, బాగా నచ్చినవాళ్ళూ బాగా మండినవాళ్ళే కూర్చుంటారు. 2013లో సైన్స్ పత్రికలో మరో ప్రయోగం వచ్చింది. వార్తలు పంచుకునే ఒక సైట్లో కొన్ని వ్యాఖ్యలకి పుట్టగానే, ఏమీ చూడకుండా, ఒక్క మంచి ఓటు వేసి వదిలేశారు. చివరికి వాటి రేటింగు సగటున 25 శాతం ఎక్కువ వచ్చింది. అంటే మొదట రాసినవాడి మాట తర్వాతవాళ్ళ చెవిలో మోగుతూనే ఉంటుంది.

వలసరవాక్కం మిక్సింగ్

ఇదంతా ఐదు స్టార్ల గురించి. ఒక్క స్టార్లు మాత్రం సత్యవాక్కులా? అవీ చూడండి. "క్లిక్కులు, చిటపటలు, చెత్త సాఫ్ట్‌వేర్" అని ఒక స్టార్. కింద అడిగితే తేలేది ఏమిటంటే ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దం కోసం కంప్యూటర్‌కి తగిలించే పెట్టె) లేదు, విండోస్‌లో శబ్దం ఆలస్యం కాకుండా చూసే ఏఎస్ఐవో డ్రైవర్ వేసుకోలేదు, ల్యాప్‌టాప్ స్పీకర్లోంచి వాయిస్తున్నారు. ఆ శబ్దానికీ ఆ ప్లగిన్‌కీ సంబంధమే లేదు. పాపం తయారుచేసినవాడు ఇద్దరు ముగ్గురితో నడిపే చిన్న కంపెనీ అయితే అలాంటివి నాలుగు పడ్డా అమ్మకం పడిపోతుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

అరుంబాక్కం బీట్స్

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను రివ్యూలు రాసేవాణ్ణి. ప్లగిన్ ఉచితంగా పంపేవారు, నేను వీడియో చేసి, అమ్మే సైట్లో నాలుగు లైన్లు రాసేవాణ్ణి. మంచిగా రాయమని ఎవరూ అడగలేదు. నేనూ లేనిది ఉన్నట్టు రాయలేదు. కానీ తీసేసిన వాక్యాలున్నాయి.

ఒకటి బాగా గుర్తుంది. స్ట్రింగ్స్ లైబ్రరీ. ఒక ట్రాకులో వేస్తే 128 బఫర్‌లో (కంప్యూటర్ ఒక్కో విడతలో తయారుచేసే శబ్దం ముక్క పొడవు అది) హాయిగా నడిచింది. మూడు ట్రాకుల్లో వేసేసరికి చిటపటలు, 512కి పెంచితే గానీ ఆగలేదు. 44.1 కిలోహెర్ట్జ్‌లో 128 అంటే 3 మిల్లీసెకన్ల లోపు. 512 అంటే 11 దాటుతుంది, పైన ఇంటర్‌ఫేస్ తీసుకునేది వేరే. కీ నొక్కాక శబ్దం వెనకబడటం వేళ్ళకి తెలుస్తుంది. ఆ వాక్యం రాశాను, చదువుకున్నాను, కొట్టేశాను. తర్వాతది పంపరేమోనని. మిక్సింగ్ అన్నా, మీరు చెప్పిన చిటపటల వాళ్ళలో కొందరు నా వీడియో చూసి కొన్నవాళ్ళే కావచ్చు. వాళ్ళ మిషన్ తప్పని తోసెయ్యకండి.

పెరంబూర్ స్టూడెంట్

మీ వీడియోలు చూసి నేనూ రెండు కొన్నాను అన్నా. కోపం లేదని అనలేను. కానీ చెప్పినందుకు సంతోషం. దీనికి చట్టం ఏమీ లేదా?

గిండీ కోడర్

అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ నియమం ఒకటి 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దొంగ రివ్యూలు అమ్మడం, కొనడం, మంచిగానే రాయాలన్న షరతు మీద డబ్బో బహుమతో ఇచ్చి రాయించుకోవడం నిషేధం. మన దగ్గర ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకి ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. తెచ్చినప్పుడు అది ఐచ్ఛికం, పాటించి తీరాలని లేదు. అయినా బీట్స్ అన్న కొట్టేసిన వాక్యాన్ని ఏ చట్టం పట్టుకోగలదు? షరతే లేదు కదా.

స్టూడెంట్ తమ్ముడూ, ముందు అడిగినదానికి చెబుతాను. ట్రయల్ ఉన్నవాటితో మొదలుపెట్టు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో రీపర్ 60 రోజులు మొత్తం వాడి చూడనిస్తుంది. మ్యాక్ ఉంటే లాజిక్‌కీ ట్రయల్ ఉంది. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో సేవ్ అవుతుంది కానీ కొనేదాకా ఆ ఫైలు మళ్ళీ తెరుచుకోదు, అది గుర్తుపెట్టుకో. ట్రయల్ లేనిదానికి మూడు స్టార్ల రివ్యూలు చదువు. ఏ మిషన్, ఏ వెర్షన్, ఏ పనికి వాడారు అని రాసినవాళ్ళని వెతుక్కో. పది మంది ఐదేసి స్టార్లిస్తే వచ్చే 5.0 కంటే తొమ్మిది వందల మంది ఇచ్చిన 4.4ని నేను ఎక్కువ నమ్ముతాను.

సాలిగ్రామం కీబోర్డ్

మీరందరూ రాసింది చదివి, నిన్న రాత్రి ఆ వీణ లైబ్రరీకి నేనూ రివ్యూ రాయబోయాను. స్టార్ పెట్టకుండా పంపనివ్వట్లేదు ఆ సైట్. ఎన్ని పెట్టాలో తేలక వదిలేసి వచ్చాను. చెప్పండి, ఎన్ని?

వలసరవాక్కం మిక్సింగ్

నాలుగు. టోన్ బంగారం అని నువ్వే అన్నావు. జారు వస్తుందని వాళ్ళ పేజీలో ఎక్కడైనా రాశారా? రాయనిదానికి మార్కులు కొయ్యడం అన్యాయం.

మైలాపూర్ గాత్రం

ఒకటి. వీణ అని పేరు పెట్టాక గమకం ఉంటుందని వేరే చెప్పాలా? గమకం లేనిదాన్ని తీగల వాద్యం అని అమ్ముకోమనండి, అప్పుడు నేనే నాలుగిస్తాను.

అరుంబాక్కం బీట్స్

సినిమా బిట్లకి, హిప్ హాప్ లూపులకి కొనేవాళ్ళకి ఐదు. ఆ 140 మందిలో ఎక్కువమంది వాళ్ళే అయుంటారు.

సాలిగ్రామం కీబోర్డ్

ఒక్క వస్తువుకి ముగ్గురు ఒకటి, నాలుగు, ఐదు ఇచ్చారు. ముగ్గురి మాటా నిజమే. సగటు తీస్తే 3.3 వస్తుంది, మీలో ఎవరి మాటా అందులో మిగలదు. నేను రెండు పెట్టాను, నేను కొన్నది తోడి కోసం కాబట్టి. రాసింది ఇదీ:

"విడి స్వరాలకి టోన్ చాలా బాగుంది. పిచ్ వీల్ రెండు సెమీటోన్లే, మార్చుకునే వీలు లేదు. ఒక్క మీటులో జారు రాదు, ప్రతి కీకీ కొత్త మీటు పడుతుంది. కర్ణాటక సంగీతానికి కొనేవాళ్ళు ఇది చూసుకోండి. మిగతా పనులకి బాగానే పనికొస్తుంది. మూడు వారాలు వాడాను, సొంత డబ్బుతో కొన్నాను."

వలసరవాక్కం మిక్సింగ్

వెర్షన్ నంబరు పెట్టలేదు తమ్ముడూ. రేపు వాళ్ళు ఆ రేంజి పెంచితే నీ మాట పాతబడుతుంది, అయినా అక్కడే ఉంటుంది.

సాలిగ్రామం కీబోర్డ్

నిజమే అన్నా. 1.2 అని ఇప్పుడే చేర్చాను. నెలాఖరుకి మళ్ళీ చూసి, మారితే రివ్యూ మారుస్తాను.